మూడు కిలోల ప్రాణం: బుల్లి జాతి కుక్కల పెంపకంపై ఒక సమీక్ష

రెండు తరాల కిందట తెలుగు ఇళ్లలో కుక్క వాకిట్లో ఉండేది. మిగిలిన అన్నం తిని, రాత్రి కాపలా కాసి, ఎండ ముదిరితే బండి నీడన పడుకునేది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో కుక్క సోఫా ఎక్కింది, ఏసీ గదిలో పడుకుంటోంది, ఇంటిపేరుతో సహా ఆసుపత్రి రికార్డులోకి చేరింది. చోటుతోపాటు సైజూ మారింది. రెండు పడగ్గదుల ఇంట్లో లాబ్రడార్ పట్టదనుకున్నవాళ్లు పామేరియన్, షిట్జూ, పగ్, చివావాల వైపు మొగ్గుతున్నారు. చిన్నది కాబట్టి తక్కువ తింటుంది, తక్కువ తిప్పితే చాలు, ఖర్చూ తక్కువే అన్న లెక్క ఆ ఎంపిక వెనక ఉంటుంది.

ఈ లెక్క చాలావరకు తప్పు. శరీరం చిన్నదయ్యేకొద్దీ పొరపాటును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ముప్పై కిలోల కుక్క ఒక పూట తిండి మానేస్తే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. కిలో బరువున్న కూన అదే పూట తినకపోతే సాయంత్రానికి ఫిట్స్ రావచ్చు. పెద్ద కుక్క మంచం మీంచి దూకితే అది ఆట, రెండు కిలోల కుక్కకు అలా దూకడమే కాలి ఎముక విరగడానికి చాలు. వాటికి వచ్చే జబ్బులు, ఇంట్లో జరిగే ప్రమాదాలు, మన ఎండలు, మన వంటలు, మన నమ్మకాలు అన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఇవి ఇంత చిన్నవి ఎలా అయ్యాయో చూడాలి. పామేరియన్ మూలం ఉత్తర ఐరోపాలోని స్పిట్జ్ కుక్కలు. ఒకప్పుడు వాటిలో పద్నాలుగు కిలోల దాకా తూగేవి ఉండేవి. బ్రిటన్ రాణి విక్టోరియా 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లి మార్కో అనే చిన్న స్పిట్జ్‌ను తెచ్చుకుంది. దాని బరువు 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోలలోపు. రాణి దగ్గర ఉన్న కుక్కలాంటిదే కావాలని జనం ఎగబడ్డారు. పెంపకందారులు తరం తర్వాత తరం చిన్నవాటిని ఏరి జతకట్టించారు. ఇప్పుడు అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలో పామేరియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే 1.4 నుంచి 3.2 కిలోలు. చివావా 6 పౌండ్లు దాటకూడదు. షిట్జూ నాలుగు నుంచి ఏడు కిలోలు, పగ్ ఆరు నుంచి ఎనిమిది కిలోలు.

చిన్న సైజు మాత్రం మనిషి పుట్టించింది కాదు. కుక్కల ఒడ్డూ పొడుగూ నిర్ణయించడంలో ఐజీఎఫ్-1 అనే జన్యువుకు పెద్ద పాత్ర ఉందని 2007లో తేలింది. చిన్న కుక్కల్లో కనిపించే ఆ జన్యురూపం 54,000 ఏళ్ల నాటి తోడేలు అవశేషంలోనే ఉందని 2022లో మరో పరిశోధన చెప్పింది. ప్రకృతిలో ఉన్నదాన్నే మనిషి ఏరుకున్నాడు. ఆ ఏరడం ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే చిక్కు.

మన దగ్గరి కథ కాస్త వేరు. 1980లు, 90లలో తెలుగు ఊళ్లలో ఇంటింటా పామేరియన్ పేరుతో తిరిగిన తెల్ల బొచ్చుకుక్క నిజానికి పామేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ సినిమాలో అందరి మనసూ దోచిన టఫీ కూడా ఆ కోవకు చెందినదే. అది మరీ చిన్నది కాదు, మూతి పొట్టిగా ఉండదు, మన వాతావరణానికి తరాలుగా అలవాటుపడింది. 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ వంతు వచ్చింది. జాతి పేరు తెలియనివాళ్లు కూడా దాన్ని ‘హచ్ కుక్క’ అన్నారు. ఒక ప్రకటన చూసి ఇంటికి తెచ్చుకున్న ఆ కుక్క మన మే నెలలో ఎలా ఊపిరి పీలుస్తుందో కొనేటప్పుడు ఆలోచించినవాళ్లు తక్కువ.

చిన్న కుక్కలన్నీ రోగిష్టివి అనడం అన్యాయం. సాధారణంగా పెద్ద జాతులకన్నా ఇవే ఎక్కువకాలం బతుకుతాయి. బ్రిటన్‌లో అయిదున్నర లక్షలకు పైగా కుక్కల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనంలో మూతి పొడుగ్గా ఉన్న చిన్న జాతులు అందరికన్నా ముందున్నాయి. మినీయేచర్ డాక్సండ్ లాంటి ఆ జాతుల ఆడకుక్కలకు మధ్యగత ఆయుర్దాయం 13.3 ఏళ్లు. మూతి చప్పిడిగా ఉన్న మధ్యస్థాయి జాతుల మగకుక్కలకు 9.1 ఏళ్లే. అంటే ఆయుష్షును ఒక్క సైజే నిర్ణయించదు, ముఖం ఆకారం కూడా నిర్ణయిస్తుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో పగ్‌ల గురించి ఇంకా గట్టిగా చెప్పింది: మిగతా కుక్కలతో పోలిస్తే వాటికి ఏడాదిలో ఏదో ఒక జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు, చప్పిడి మూతి వల్ల వచ్చే శ్వాస సమస్య 54 రెట్లు ఎక్కువ. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు పుర్రె పొడవులో మూడోవంతుకన్నా తక్కువున్న కుక్కల్ని జతకట్టించడం నిషిద్ధం. పగ్ గురకపెడుతుంటే ముద్దుగా ఉందని ఫోన్‌లో వీడియో తీస్తుంటాం. ఆ శబ్దం గాలి ఆడక వచ్చేది. ఈ సంగతి తెలిశాక కూడా ఆ జాతిని కొని పెంచమని నేనెవరికీ చెప్పలేను.

ఇంకో మోసం ‘టీకప్’. ఏ గుర్తింపు పొందిన కెన్నెల్ క్లబ్బులోనూ టీకప్ అనే జాతి గానీ రకం గానీ లేదు. అది అమ్మేవాళ్లు పెట్టిన పేరు. ఒకే ఈతలో అందరికన్నా బక్కగా పుట్టిన కూనల్ని జతకట్టించి, లేదా నెల కూడా నిండని పిల్లను రెండు నెలలదని చెప్పి, లేదా అర్ధాకలితో ఉంచి ఆ సైజు చూపిస్తారు. ఇలాంటివాటిలో మాడు పూడకపోవడం, పుర్రెలో నీరు చేరడం, కాలేయాన్ని తప్పించుకుని రక్తం పక్కదారి పట్టడం లాంటి పుట్టులోపాలు ఎదురవుతుంటాయి. కాలేయ లోపం ముఖ్యంగా యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ జాతుల్లో కనిపిస్తుంది. కూన తిన్న కాసేపటికి మత్తుగా ఊగుతూ, గోడకు తల ఆనించి నిలబడితే దీన్ని అనుమానించాలి.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కుక్కల సంతానోత్పత్తి, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా ముప్పై రోజుల కూనలు అట్టపెట్టెల్లో బస్సెక్కి ఊళ్లు దాటుతూనే ఉన్నాయి. బుల్లి జాతులకు ఎనిమిది వారాలు కూడా తొందరే. పది, పన్నెండు వారాలదాకా తల్లి దగ్గర ఉన్న పిల్లకు తిండి తినడం కుదురుకుంటుంది, తోటి కూనల్ని కరిస్తే ఎంత నొప్పో అర్థమవుతుంది.

తొందరగా తల్లిని విడిచిన కూనకు మొదటి గండం చక్కెర పడిపోవడం. దాని కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ చాలా తక్కువ, కండ కూడా తక్కువ. కొత్త ఇల్లు, ప్రయాణం, చలి, కడుపులో నట్టలు ఇవన్నీ కలిసి రాత్రంతా తిండి లేకపోతే తెల్లారేసరికి నీరసం, వణుకు, తూలడం, చివరికి మూర్ఛ. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు గంటలకోసారి తినిపించాలి. పడుకునేముందు ఒకసారి, లేచాక మొదటి పనిగా ఇంకోసారి పెట్టాలి. కూన డీలా పడితే కాస్త తేనె గానీ చిక్కటి చక్కెర నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయాలి, స్పృహ లేనప్పుడు గొంతులో పోయకూడదు. వెచ్చగా చుట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. తేరుకుంది కదా అని ఇంట్లోనే ఆగిపోతే మళ్లీ పడిపోతుంది.

ఎముకల సంగతి ఇంతకన్నా ఎక్కువ ఇళ్లలో ఎదురవుతుంది. బుల్లి జాతుల ముంజేతి ఎముకలు సన్నగా ఉంటాయి, మణికట్టు దగ్గర రక్తప్రసరణ తక్కువ. అక్కడ విరిగితే కట్టు కట్టినంత మాత్రాన అతకదు, చాలాసార్లు ప్లేటు వేసి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. విరిగే సందర్భాలు ఎప్పుడూ మామూలువే. సోఫా మీంచి దూకడం, చిన్నపిల్లవాడి చేతిలోంచి జారడం, ప్లాస్టిక్ కుర్చీ కింద కాలు ఇరుక్కోవడం, చీకట్లో ఎవరో తొక్కడం. పదేళ్లలోపు పిల్లలు నిలబడి కుక్కను ఎత్తుకోకూడదు, నేలమీద కూర్చుని ఒళ్లో పెట్టుకోవాలి అన్న ఒక్క నియమం ఇంట్లో గట్టిగా అమలైతే సగం ప్రమాదాలు తప్పుతాయి. సోఫాకు, మంచానికి చిన్న మెట్లు పెట్టాలి. బాల్కనీ గ్రిల్ సందుల్లోంచి రెండు కిలోల కుక్క సులువుగా దూరిపోతుంది, అక్కడ జాలీ కొట్టించాలి.

మోకాలిచిప్ప జారడం ఈ జాతుల్లో ఎక్కువగా కనిపించే కీళ్ల సమస్య. కుక్క పరుగెత్తుతూ ఉన్నట్టుండి వెనక కాలొకటి ఎత్తి రెండడుగులు గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇంట్లోవాళ్లు అదో చేష్ట అనుకుంటారు. చిప్ప గాడిలోంచి పక్కకు జారి మళ్లీ లోపలికి వెళ్లినప్పుడు జరిగేది అదే. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశలో బరువు తగ్గించి, కండ పెంచితే సరిపోవచ్చు, చివరి రెండు దశల్లో ఆపరేషన్ మాట వస్తుంది. ఇక్కడ మన ఇళ్ల పాత్ర ఉంది. గ్రానైట్, మార్బుల్, విట్రిఫైడ్ టైల్స్ పరిచిన నునుపు నేల మీద చిన్న కుక్క రోజంతా కాళ్లు జారుతూనే తిరుగుతుంది. అది ఎక్కువగా తిరిగే దారిలో జారని చాపలు వేయడం, అరికాళ్ల మధ్య పెరిగే బొచ్చు కత్తిరించడం, గోళ్లు పొట్టిగా ఉంచడం పెద్దగా ఖర్చు లేని పనులు. మందులకన్నా ముందు ఇవి చేయాలి.

మెడకు పట్టీ వేసి గొలుసుతో లాగడం ఇక పూర్తిగా మానాలి. ఈ జాతుల్లో గాలిగొట్టం చుట్టూ ఉండే మృదులాస్థి వలయాలు వయసుతో మెత్తబడి, గొట్టం అణిగిపోతుంది. అప్పుడు బాతు కూతలాంటి పొడిదగ్గు మొదలవుతుంది. మెడపట్టీ లాగుడు, ఊబకాయం, పొగ ఈ మూడూ దాన్ని పెంచుతాయి. ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ వాడాలి. ఇంట్లో సిగరెట్టే కాదు, మూసిన గదిలో సాంబ్రాణి, దోమల చుట్టల పొగ కూడా దానికి పడదు.

తిండి దగ్గరికి వద్దాం. ఇక్కడ ప్రేమే ఎక్కువ నష్టం చేస్తోంది. పశువైద్యులు వాడే లెక్క ప్రకారం సంతానం కలగకుండా ఆపరేషన్ అయిన ఎదిగిన కుక్క మూడు కిలోలుంటే రోజుకు సుమారు 250 కేలరీలు కావాలి, ముప్పై కిలోలుంటే సుమారు 1,450. బరువు పదింతలైనా తిండి ఆరింతలు కూడా కాదు. అంటే కిలో బరువుకు లెక్కేస్తే చిన్న కుక్కకు దాదాపు రెట్టింపు శక్తి కావాలి, కానీ దాని కడుపు మాత్రం గుప్పెడంత. అందువల్ల తక్కువ మోతాదులో పోషకాలు దట్టంగా ఉన్న తిండి కావాలి. పెరుగన్నం విషమేమీ కాదు. అయితే అన్నంతో కడుపు నిండిపోతే మాంసకృత్తులకు, కొవ్వుకు, కాల్షియానికి చోటుండదు. కూనలకు ఉత్త చికెన్, అన్నం పెట్టినా ఇదే సమస్య. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎదిగే ఎముకలు వంగిపోతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. ఇంటి వంటే పెట్టాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి కాల్షియం, విటమిన్ల లెక్క రాయించుకోవాలి. అది కుదరదనుకుంటే బుల్లి జాతులకోసం చేసే మంచి పెల్లెట్లే మేలు.

టీతోపాటు ఇచ్చే మారీ బిస్కెట్టు ఒక్కోటి సుమారు 25 కేలరీలు. ఇంట్లో నలుగురూ తలా ఒకటి ఇస్తే రోజువారీ తిండిలో అయిదింట రెండు వంతులు, అంటే నలభై శాతం, పిండీ చక్కెరతోనే నిండినట్టు. ఆ తర్వాత గిన్నెలో వేసిన తిండి ముట్టదు. ‘మా కుక్క ఏమీ తినదండీ’ అని డాక్టరు దగ్గర చెప్పే ఇళ్లలో ముందు ఈ బిస్కెట్ల లెక్క అడగాలి.

ప్రమాదకరమైనవి మన వంటింట్లోనే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. పరమాన్నం, సేమియాలో వేసే కిస్మిస్, ద్రాక్షపళ్లు మూత్రపిండాల్ని దెబ్బతీయగలవు. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. రెండు కిలోల కుక్కకు ఎనిమిది, పది గ్రాముల డార్క్ చాక్లెట్‌తోనే వాంతులు, గుండెదడ మొదలవ్వచ్చు. ఆదివారం బిర్యానీ ఎముకలు, మటన్ కొవ్వు పెడితే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. మనం ఒళ్లునొప్పులకు వేసుకునే 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ మాత్ర ఒక్కటి రెండు కిలోల కుక్క మింగితే మూత్రపిండాలు పాడయ్యేంత మోతాదు. ఇంట్లో ఉన్న ఏ మాత్రనూ డాక్టరు చెప్పకుండా కుక్క నోట్లో వేయకూడదు.

పళ్లను దాదాపు ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో బుల్లి జాతుల పెంపకంలో జరుగుతున్న అతిపెద్ద నిర్లక్ష్యం ఇదే. చివావాకైనా గ్రేట్ డేన్‌కైనా శాశ్వత దంతాలు 42. చిన్న దవడలో అన్ని పళ్లు ఒరుసుకుని, వంకరగా మొలుస్తాయి, సందుల్లో తిండి ఇరుక్కుని గార పడుతుంది. పాలపళ్లు ఊడకుండా ఉండిపోయి, ముఖ్యంగా కోరపళ్ల దగ్గర, కొత్త పన్ను పక్కనే జంటగా కనిపిస్తాయి. ఆరేడు నెలలు దాటినా ఊడకపోతే తీయించాలి. చిగుళ్ల జబ్బు ముదిరితే కింది దవడ ఎముక అరిగి, గట్టిగా ఏదైనా కొరికినప్పుడు విరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. నోటి దుర్వాసన కుక్కకు సహజం అని సరిపెట్టుకోకూడదు. కూనగా ఉన్నప్పటి నుంచి రోజూ మెత్తటి బ్రష్‌తో, కుక్కల పేస్టుతో తోమాలి. మత్తు ఇవ్వకుండా పైపైన గీకే శుభ్రం కంటికి తెల్లగా కనిపిస్తుంది కానీ, చిగురు కింద ఉన్న జబ్బు అలాగే ఉండిపోతుంది. ‘చిన్న ప్రాణం, మత్తు తట్టుకుంటుందా’ అన్న భయం సహజమే. ముందుగా రక్తపరీక్ష చేసి, ఎక్కువసేపు పస్తు ఉంచకుండా, ఒళ్లు చల్లబడకుండా చూసుకునే ఆసుపత్రిని ఎంచుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఇక మన ఎండలు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. చెమట పాదాల దగ్గర తప్ప పెద్దగా పట్టదు, నాలుక చాపి వగర్చడమే దాని చల్లదనం. వగర్చడానికి మూతి లేని పగ్, షిట్జూలకు ఆ దారి కూడా సగం మూసుకుపోయినట్టే. వేసవిలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే రోజుల్లో వీటిని ఉదయం ఆరున్నరలోపు, రాత్రి నేల చల్లారాకే బయటికి తీసుకెళ్లాలి. అరచేతి వెనకభాగం తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించకూడదు. వీటి ఎత్తు చాలా తక్కువ, అందువల్ల రోడ్డు సెగ నేరుగా కడుపుకు తగులుతుంది. తీర ప్రాంతంలో ఉష్ణోగ్రత తక్కువున్నా గాలిలో తేమ వల్ల వగర్పు పనిచేయదు, ఈ సంగతి విశాఖ, కాకినాడ వాళ్లు గుర్తుంచుకోవాలి. వడదెబ్బ తగిలితే ముందు కొళాయి నీళ్లు ఒంటిమీద పోసి, ఫ్యాన్ కింద ఉంచి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. తడి తువ్వాలు చుట్టి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు.

ఎండాకాలం రాగానే పామేరియన్‌కు గుండు కొట్టించడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. అది మానాలి. దానికి రెండు పొరల బొచ్చు. చర్మం దాకా గొరిగితే కొన్నింటికి మళ్లీ సరిగ్గా మొలవదు, పైగా చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. రోజూ దువ్వి లోపలి ఊలు తీసేస్తే గాలి ఆడుతుంది. షిట్జూ జుట్టు సంగతి వేరు, దాన్ని పొట్టిగా కత్తిరించుకోవచ్చు, మన వాతావరణంలో అదే మంచిది. స్నానం రెండు మూడు వారాలకోసారి, కుక్కల షాంపూతో, తర్వాత కుదుళ్ల దాకా ఆరబెట్టాలి. కళ్ల పుసులు రోజూ తుడవాలి. కళ్లు ఉబ్బెత్తుగా ఉండే జాతుల్లో కన్ను ఎర్రబడినా, మూసుకునే ఉన్నా రేపు చూద్దామనకూడదు.

గోమార్లు, తెలంగాణలో పిడుదులు, మన వేడికి ఏడాది పొడవునా బతుకుతాయి. అవి మోసే ఎర్లికియా, బబేసియా సూక్ష్మజీవులే ‘టిక్ ఫీవర్’ తెస్తాయి. రెండు కిలోల కుక్క ఒంట్లో రక్తమంతా కలిపినా 160 నుంచి 180 మిల్లీలీటర్లే. అందులో ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలైతే రోజుల్లో పరిస్థితి చేయిదాటుతుంది. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. గోమారి కుక్క మీద కన్నా గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో ఎక్కువగా ఉంటుంది, అక్కడే వేలల్లో గుడ్లు పెడుతుంది. ఇల్లు శుభ్రం చేయకుండా కుక్కకు మాత్రమే మందు వేస్తే మళ్లీ వస్తాయి. పశువులకు కొట్టే మందును నీళ్లలో కలిపి కుక్కకు పోయడం ఊళ్లలో ఇంకా ఉంది. బుల్లి జాతులకు, అందులోనూ చివావాలకు అమిట్రాజ్ మందు ప్రమాదం. పెద్ద కుక్కల మాత్రను విరిచి ముక్క వేయడం కూడా తప్పే, బరువుకు తగ్గ మాత్ర విడిగా దొరుకుతుంది.

ఇల్లు దాటని కుక్కకు టీకాలెందుకని అడుగుతారు. పార్వో వైరస్ చెప్పుల మట్టితో ఇంట్లోకి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాలదాకా మూడు నాలుగు వారాలకోసారి కాంబినేషన్ టీకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత ఏటా డాక్టరు చెప్పినట్టు. చిన్న కుక్కలకు ఒకే రోజు ఎక్కువ టీకాలు ఇస్తే ముఖం వాపు లాంటి ప్రతిచర్యలు కాస్త ఎక్కువగా వస్తాయని 2005లో అమెరికాలో పెద్ద అధ్యయనమే జరిగింది. అందుకని టీకా మానడం, మోతాదు సగం చేయడం సరికాదు. రెండు టీకాల మధ్య రెండు మూడు వారాల వ్యవధి అడగండి, వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. మూడు కిలోల కుక్క కరిచినా రేబిస్ రేబిసే. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం సందర్భంగా, రెండు రాష్ట్రాల ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

ఆడకుక్కకు ఒక్కసారైనా పిల్లల్ని కననిస్తే ఆరోగ్యమన్న నమ్మకానికి వైద్యంలో ఆధారం లేదు. కూన తల పెద్దది, తల్లి కటి ఇరుకు, కాబట్టి ఈ జాతుల్లో కాన్పు సిజేరియన్‌దాకా వెళ్లడం మామూలే. సంతాన నిరోధక ఆపరేషన్ చేయించకుండా వదిలేసిన ఆడకుక్కల్లో వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టడం ప్రాణాంతకం. ఎప్పుడు చేయించాలన్నదానిపై వాదన ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ 35 జాతులపై 2020లో ప్రచురించిన పరిశీలనలో, పెద్ద జాతుల్లో తొందరగా చేయిస్తే కీళ్ల జబ్బులు పెరిగాయి గానీ బుల్లి జాతుల్లో ఆ తేడా కనిపించలేదు. షిట్జూలో మాత్రం కొన్ని క్యాన్సర్ల విషయంలో జాగ్రత్త చెప్పింది. కాబట్టి జాతిని బట్టి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించాలి.

నడవడిక విషయంలో తప్పు దాదాపు ఎప్పుడూ మనుషులదే. పెద్ద కుక్క మీదికి ఉరికితే నేర్పిస్తాం, చిన్నది ఉరికితే నవ్వుతాం. వియన్నా పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో చిన్న కుక్కల యజమానులు వాటితో తక్కువ స్థిరంగా మెలుగుతారని, ఆటలకు, శిక్షణకు తక్కువ సమయం ఇస్తారని, ఆ కుక్కల్లో ఉద్రేకం, కోపం ఎక్కువగా కనిపించాయని తేలింది. ఎప్పుడూ చంకనెత్తుకుని తిప్పిన కుక్క నేలమీద దించగానే భయపడుతుంది, భయపడింది కాబట్టి మొరుగుతుంది, మొరిగింది కాబట్టి అపార్ట్‌మెంటులో గొడవ. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం, లిఫ్టు వాడొద్దనే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. హక్కు ఉందని వాదించే ముందు కుక్కకు మర్యాద నేర్పడం మన బాధ్యత. రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాల నడక, మూడు నెలలలోపే రకరకాల మనుషులు, చప్పుళ్లు అలవాటు చేయడం చాలావరకు సరిపోతుంది. వీధికుక్కల భయం ఉన్నచోట ఎత్తుకోవడంలో తప్పులేదు, అలవాటుగా మాత్రం ఎత్తుకోవద్దు.

వయసు మళ్లాక గుండె కవాటం కారడం ఈ జాతుల్లో సాధారణం. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో నెలకోసారి లెక్కపెట్టి రాసుకోండి. ముప్పై దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. గుండె పెద్దదైనా ఇంకా లక్షణాలు బయటపడని దశలో పిమోబెండాన్ అనే మందు మొదలుపెడితే గుండె వైఫల్యాన్ని సగటున పదిహేను నెలలు వాయిదా వేయవచ్చని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం చూపించింది. ఏడేళ్లు దాటిన చిన్న కుక్క గుండెకు ఏటా స్టెతస్కోపుతో పరీక్ష చేయించడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుబాటులో ఉన్నవాళ్లు వాటిని వాడుకోవాలి.

ఇదంతా చూశాక నా తీర్పు ఇది. మన వాతావరణంలో, మన ఇళ్లలో చప్పిడి మూతి జాతుల్ని కొత్తగా కొనకూడదు. టీకప్ పేరుతో అమ్మేవాటిని అసలే కొనకూడదు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిని ఏసీ గదిలో, సరైన బరువులో, ప్రేమగా చివరిదాకా చూసుకోవాలి. చిన్న కుక్కే కావాలనుకునే కుటుంబానికి ఇండియన్ స్పిట్జ్ మంచిది. పెంచలేక ఎవరో వదిలేసిన పెద్ద వయసు పామేరియన్‌ను తెచ్చుకుంటే ఇంకా మంచిది. పగలంతా ఇంటికి తాళం వేసి వెళ్లేవాళ్లు, నాలుగేళ్లలోపు పిల్లలున్నవాళ్లు కొన్నేళ్లు ఆగాలి. కూననే కొనాలనుకుంటే అది పుట్టిన చోటుకి స్వయంగా వెళ్లండి. నమోదు కాగితం అడగండి, పుట్టిన తేదీ అడగండి, తల్లిని చూపించమనండి. తల్లి నడకను, ఊపిరిని, పళ్లను చూడండి. తల్లిని చూపించకపోతే కూన ఎంత ముద్దుగా ఉన్నా డబ్బు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.